ఎవరి నేల మీద గుడారం

2024 నవంబరు 10, ఆదివారం, విశాఖపట్నం

తమ్ముడి ఫోను. డిసెంబరు ఆఖర్లో పిల్లలతో హైదరాబాద్ నుంచి వస్తాడట. "అక్కా, హోటల్ గదులొద్దు. టెంట్లు, చలిమంట, పొద్దున్నే మేఘాలు. చోటు నువ్వే చూడు" అన్నాడు. ఫోను పెట్టేశాక వరసగా వీడియోలు పంపాడు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. డ్రోన్ పైకి లేస్తుంది, అంచు మీద పసుప్పచ్చ టెంట్లు, కింద లోయ నిండా తెల్లటి మబ్బు, వెనకాల సినిమా పాట. ఆ టెంట్లలో పడుకున్నవాళ్ళు రాత్రి ఎక్కడికి వెళ్తారో, వాళ్ళకి నీళ్ళు ఎవరు మోస్తారో ఒక్క వీడియోలోనూ లేదు.

ఇవాళ కంబాలకొండలో మా వీధివాళ్ళ కార్తీక వనభోజనాలు. తమ్ముడి కోరిక అమ్మకి చెప్పాను. "మా రోజుల్లో వనభోజనానికి రెండే చూసేవాళ్ళం. ఉసిరి చెట్టుందా, దగ్గర్లో మంచినీళ్ళున్నాయా. మేఘాలు ఎవడిక్కావాలి?" అంది. తర్వాత పులిహోర విస్తట్లో వేసుకుంటూ, "నేనూ వస్తాను గానీ" అని చేర్చింది.

నవంబరు 17, ఆదివారం

మ్యాపు పరుచుకుని కూర్చున్నాను. ముందు సముద్రం సంగతి తేల్చేశాను. రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రంగానే ఉంటుంది. భీమిలి వైపు ఇసుక ఇంకా బావుంటుంది. కానీ ఉప్పుగాలిలో, తడి ఇసుకలో టెంటు వేసుకుని పడుకోవడం ఒక్క గంట సరదా. పైగా రోజూ అలల హోరు వింటూ బతికేవాళ్ళకి సెలవంటే కొండే.

లంబసింగి: చలి కోసం జనం ఎగబడేచోటు. తాజంగి చెరువు, స్ట్రాబెర్రీ తోటలు. శని, ఆదివారాలు వేకువజామున కార్ల బారు. మంచుని చూడ్డానికి వెళ్ళి ముందు కారు పొగ పీల్చి రావడం నాకు నచ్చదు. కొట్టేశాను.

వంజంగి: పాడేరు దగ్గర. వీడియోల్లో సగం అక్కడివే. చీకట్లో టార్చి పట్టుకుని ఎక్కాలి, అమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. కొండ మీద పోగుపడే ప్లాస్టిక్ గురించి ప్రతి చలికాలం పేపర్లో వస్తూనే ఉంటుంది.

గుడిస: మారేడుమిల్లి మీదుగా. పచ్చిక కొండ, చూడ్డానికి అంతకన్నా అందమైనది ఈ కనుమల్లో నాకు తెలీదు. రాత్రి బసకి అటవీశాఖ వద్దంటోంది, సబబే. పచ్చిక ఒకసారి కాలిపోతే దాని వేరు కింద మట్టి వానకి నిలవదు.

మారేడుమిల్లి దగ్గర వాలమూరు జంగిల్ స్టార్: వాలిసుగ్రీవులు పోట్లాడుకున్న చోటని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. వన సంరక్షణ సమితి గిరిజనులే నడిపే బస. వాగు చుట్టూ తిరిగి పారుతుంది. పద్ధతి ప్రకారం చూస్తే నా ఓటు దానికే. కానీ వైజాగ్ నుంచి అమ్మనీ చిన్నపిల్లల్నీ పెట్టుకుని అంత దూరం ఘాట్ రోడ్డా? ఇంకోసారి.

ఇక మిగిలింది అనంతగిరి, అరకు. ఇక్కడినుంచి అరకు 115 కిలోమీటర్ల లోపే. రైలుంది. అమ్మ రైలంటే చాలు, కిందామీదా పడి వస్తుంది.

నవంబరు 30, శనివారం

ఫెంజల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటుతోంది. ఇక్కడ మబ్బు, ముసురు. హుద్‌హుద్ గుర్తొచ్చింది, 2014 అక్టోబరు 12. ఆ గాలి సముద్రం దగ్గరే ఆగలేదు. కనుమలెక్కి కాఫీ తోటల్లో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్లను పడగొట్టింది. నీడ పోతే కాఫీ పోతుంది, చెట్టుకి పాకించిన మిరియం తీగా పోతుంది. మనం వ్యూపాయింట్ అనే చోటు ఒకరికి మళ్ళీ నాటుకోవాల్సిన తోట. అక్టోబరు, నవంబరుల్లో కొండమీద టెంటు బుక్ చేసేవాళ్ళు ముందు బంగాళాఖాతం వైపు చూడాలి.

డిసెంబరు 7, శనివారం, అరకు

ముందు ఒకసారి చూసి వద్దామని నేనూ, ఆయనా కార్లో వచ్చాం. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలు. డముకు మలుపు దగ్గర ఇద్దరం మాట్లాడలేదు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు బస్సు లోయలో పడింది అక్కడే. పిల్లల్ని రైల్లోనే తేవాలని అప్పుడే అనుకున్నాం.

చెక్‌పోస్టులో డిక్కీ తెరిపించారు. గంజాయి తనిఖీ. మన డిక్కీలో చాపలు, ఫ్లాస్కు. ఆ కుర్ర కానిస్టేబుల్ ఫ్లాస్కు మూత తీసి వాసన చూసి నవ్వేశాడు.

మొదటి చోటు: వాగు ఒడ్డున, రాళ్ళ మధ్య టెంట్లు. ఫొటోకి అద్భుతం. నాకు అక్కర్లేదు. ఈ వాగులకి పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు పెరుగుతాయి. చాపరాయి వాగు చూడండి, ఎంత నున్నటి బండో. అదే దాని అందం, అదే దాని ప్రమాదం. పాకుడు మీద కాలు జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఒడ్డున టెంటు వేస్తే రాత్రి దీపాలు, సబ్బునీళ్ళు, ఎంగిలి పళ్ళేలు అన్నీ వాగులోకే. కింద ఊరు తాగేది ఆ నీళ్ళే.

రెండో చోటు: రోడ్డు పక్కన వలిసె పొలం. సగం కోసేశారు, సగం ఇంకా పసుప్పచ్చగా ఉంది. పొలం మధ్యలో నలగదొక్కిన దారి, దాని కొసన చెక్కతో చేసిన గుండె బొమ్మ, ఫొటోలకి. ఫొటోకి ఇరవై రూపాయలు అడిగిన ముసలమ్మ మీద ఒక కుర్రాడు రుసరుసలాడుతున్నాడు. ఆమె పండించే గింజ నూనెకి. తొక్కిన ప్రతి మొక్కా ఆమెకి పోయిన నూనె. ఇరవై ఎక్కువేం కాదు.

మూడోది చాలా ముస్తాబుగా ఉంది. కంచె, గేటు, వెలుగుల తోరణాలు, స్పీకర్లు, చెట్టుకి కట్టిన ఉయ్యాల. గేటు దగ్గర నల్ల కళ్ళద్దాల మనిషి ధరల పట్టిక చూపించాడు. "స్థలం ఎవరిదండీ?" అన్నాను. "మాదేనండి, లీజు." "ఎవరి దగ్గర లీజు?" "ఇక్కడ గిరిజనుల దగ్గరే." ఆ మాట అయ్యాక గోడ మీది పట్టికని నేను చదవలేదు.

ఆయన కారెక్కాక అన్నారు: "నువ్వు విహారానికొచ్చావా, సర్వే సెటిల్‌మెంటుకొచ్చావా?"

రెండిటికీ. నాన్న పాడేరులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసినన్నాళ్ళూ మా ఇంట్లో అన్నం ముందు కూడా వినబడిన అంకె ఒకటే: 1/70. ఏజెన్సీ భూమి చేతులు మారడం మీద 1959లో వచ్చిన నిబంధనని 1970లో బిగించారు. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుడి చేతికి పోకూడదు. అమ్మకమే కాదు, తాకట్టు, లీజు, దానం, ఏ పేరు పెట్టినా అది బదలాయింపే. కాగితం మీద గిరిజనుడి పేరు, గల్లాపెట్టె దగ్గర ఇంకొకడు. నాన్న దీన్ని 'ముసుగు' అనేవాడు. కళ్ళద్దాలతను చెప్పిన లీజు సరిగ్గా అదే. ఎకరం యజమాని అదే గేటు లోపల ఊడుస్తూ కనపడితే ఆశ్చర్యం లేదు.

ఇంకొకటి. ఈ కొండలు దేశానికే ఒక తీర్పు ఇచ్చాయి. ఇదే అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో గనులకిచ్చిన లీజుల మీద 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి గనులకి లీజివ్వడానికి వీల్లేదంది. ఆ 1/70 నిబంధన దృష్టిలో ప్రభుత్వం కూడా ఒక 'వ్యక్తే' అంది. బొర్రా గుహలు చూడ్డానికొచ్చే జనంలో ఎంతమందికి తెలుసో ఇది. గుహల ముందు బోర్డు మీద రాళ్ళ వయసుంది, ఇది లేదు.

డిసెంబరు 8, ఆదివారం, రాత్రి, ఇంటి దగ్గర

చోటు దొరికింది. సుంకరమెట్ట దాటాక లోపలికి ఒక ఊరు. పేరు ఇక్కడ కూడా రాయను. ఈ నోటుబుక్కు తమ్ముడి కంటపడితే లొకేషన్ పెట్టి ప్రపంచానికి చెప్పేస్తాడు.

కొండదొర గిరిజనుల ఇల్లు. అన్నదమ్ములిద్దరూ, కోడళ్ళూ కలిసి పెరట్లో నాలుగు టెంట్లు వేయిస్తారు. వెనక కాఫీ తోట, మిరియం తీగలు ఎక్కిన సిల్వర్ ఓక్‌లు, పనస. కాఫీ పళ్ళు కోస్తున్నారు. ఎర్రబడ్డవే ఏరి కోయాలి, పచ్చివి కలిస్తే కాఫీ వగరు. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దుకాణం పెట్టారు, అంతా నిజమే. ఇక్కడ మాత్రం బుట్ట నడుముకి కట్టుకుని వంగి లేచే పిల్ల ఉంది. గుర్తింపులో ఆ నడుము నొప్పి లేదు.

నేను అడిగినవి: నీళ్ళు ఎక్కడివి? కొండ ఊట నుంచి గొట్టం, ఊరంతటికీ అదే. మరుగుదొడ్డి? ఉంది, గుంట ఊట వైపు కాకుండా దిగువన తవ్వారు. రాత్రి ఎవరైనా ఒళ్ళు బాగోకపోతే? పీహెచ్‌సీ ఎక్కడుందో, ఏ జీపు తీసుకెళ్తుందో చెప్పారు. స్పీకరు? పెద్ద కోడలు నవ్వింది. "పాట కావలిస్తే ధింసా ఆడేవాళ్ళని పిలుస్తామమ్మా. ముందు చెప్పాల. పని రోజు ఎవలూ రారు."

ఆ ఆఖరి మాటతో నాకు నమ్మకం కుదిరింది. అడిగిన క్షణాన్నే వచ్చి వరసకట్టే ధింసా రోడ్డు మీద కావలసినంత ఉంది.

డిసెంబరు 15, ఆదివారం

సామాను చూసుకుంటున్నాను. తమ్ముడు పొడుగాటి, దూది కూరిన జాకెట్లు కొన్నాడట అందరికీ. అసలు చలి కింద నుంచి వస్తుందని చెప్తే వినడు. పైన రెండు రగ్గులున్నా కింద నేల ఒంట్లో వేడిని లాగేస్తుంది. చాప, దానిమీద మందపాటి దుప్పటి, ఆ తర్వాతే స్లీపింగ్ బ్యాగు.

చలి లెక్క కూడా వేసి చూశాను. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరున్నర డిగ్రీలు తగ్గాలి. వైజాగ్‌లో డిసెంబరు రాత్రి పద్దెనిమిది, పంతొమ్మిది. అరకు తొమ్మిది వందల మీటర్లు దాటి ఉంటుంది కాబట్టి పన్నెండు, పదమూడు ఉండాలి. మరి పది లోపలికి ఎందుకు పోతుంది? ఎత్తు ఒక్కటే కాదు, అరకు ఒక గిన్నె. మబ్బులేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోతుంది, చల్లబడ్డ గాలి బరువెక్కి కొండల వాలు మీదుగా కిందికి జారి లోయలో నిలుస్తుంది. పొద్దునకి అది మంచు. పైనుంచి చూసేవాళ్ళకి అదే 'మేఘాల సముద్రం'. అంచేత లోయ అడుగున టెంటు వేస్తే గజగజ, మేఘం లోపలే ఉంటాం కాబట్టి ఏమీ కనబడదు. వాలు మధ్యలో, చెట్ల కింద వేస్తే రెండు మూడు డిగ్రీలు మెరుగు, పొద్దున్నే కిందికి చూసుకోవచ్చు కూడా. మేం చూసిన పెరడు వాలు మధ్యలోనే ఉంది. కొండదొరలు ఇళ్ళు ఎక్కడ కట్టుకోవాలో భౌతికశాస్త్రం చదివి నేర్చుకోలేదు.

అమ్మ జాబితాలో ఒక్కటే వస్తువు: దోమతెర. పాడేరులో ఉండగా తనకి మలేరియా మెదడుకెక్కి బతుకుతుందో లేదో అన్నారట. చలికాలం దోమలు తక్కువేనంటే, "నీకు తక్కువ, నాకు ఒక్కటి చాలు" అంది. తెర పెట్టాను. అందరికీ చెప్పిన షరతు ఒకటి: చలేసినా కుంపటి టెంటులోకి తేకూడదు. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

డిసెంబరు 21, శనివారం

అల్పపీడనం. రోజంతా వాన. కల్లంలో ఆరబోసిన కాఫీ గింజల మీద టార్పాలిన్ కప్పారని పెద్ద కోడలు ఫోన్లో చెప్పింది. "మీరు రావద్దనను గానీ, వాన తగ్గాకే రండమ్మా." మనం సెలవు పాడవుతుందని బాధపడుతున్నాం. వాళ్ళకి ఏడాది పంట.

డిసెంబరు 27, శుక్రవారం

మన్మోహన్ సింగ్ నిన్న రాత్రి పోయారు. టీవీలో అంతా ఆర్థిక సంస్కరణల మాటే. అటవీ హక్కుల చట్టం, 2006, ఆయన ప్రభుత్వం తెచ్చిందే. మేం దిగబోయే ఇంటి వెనకున్న కాఫీ తోట పట్టా ఆ చట్టం కిందదే. ప్లాస్టిక్ తొడుగులో పెట్టి గోడకి తగిలించారు, దేవుడి పటాల పక్కన.

శని, ఆదివారాల గుంపు తగ్గాలని ఆదివారం ఎక్కి, మంగళవారం పొద్దున్నే దిగిపోదామని నిర్ణయం. అమావాస్య సోమవారం. పిల్లలకి చుక్కలు బాగా కనబడతాయి. డిసెంబరు 31 రాత్రి కొండ మీద ఉండకూడదన్నది నా పట్టు. ఆ రాత్రి అడవిలో టపాసులు కాల్చేవాళ్ళని పట్టుకోవడానికి ఎవరికి చేతవుతుంది?

డిసెంబరు 29, ఆదివారం

కిరండూల్ ప్యాసింజర్. అద్దాల పెట్టె టికెట్లు ఎప్పుడో అయిపోయాయి. మామూలు పెట్టెలో తలుపు దగ్గర గాలి ఇంకా బావుంది. ఈ లైను 1960లలో వేసింది మన కోసం కాదు, బైలడిల్లా ఇనుపరాయిని వైజాగ్ రేవుకి దింపి జపాన్‌కి పంపడానికి. సొరంగాలు యాభై ఎనిమిది. మేనకోడలు లెక్కపెట్టడం మొదలుపెట్టి వేరుశనగలొచ్చేసరికి వదిలేసింది. శిమిలిగుడ స్టేషను 996 మీటర్లు. బ్రాడ్‌గేజీలో ఇంతకన్నా ఎత్తు లేదని చాలాకాలం చెప్పుకున్నారు.

సాయంత్రం అంబలి, నాటుకోడి కూర. మరదలు బొంగులో చికెన్ అడిగింది. "రోడ్డు మీద దొరుకుద్దమ్మా. ఇంట్లో మాకు కుండే" అంది చిన్న కోడలు. మంట చిన్నది, ఎండు సిల్వర్ ఓక్ కొమ్మలతో. చీకటి పూర్తిగా పడ్డాక రోహిణి పక్కనే గురుడు ధగధగ. పైన కృత్తికలు. అమ్మ పిల్లలకి మృగశిర చూపించి, వరసగా ఇరవైఏడు నక్షత్రాలు అప్పజెప్పింది. తమ్ముడు ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం పెరడంతా తిరిగాడు. తర్వాత మానుకున్నాడు.

డిసెంబరు 30, సోమవారం

కాళ్ళు తడిశాయి. టెంటు లోపల మన ఊపిరే నీరై కారుతుంది. పైకప్పు వెంటిలేటర్ మూసేసింది తమ్ముడే, చలని.

ఏడింటికి లోయలో మంచు కింద కనబడింది. వీడియోలో అంత సముద్రం కాదు, కొలనంత. తొమ్మిది కాకముందే కరిగిపోయింది. పిల్లలు అప్పటికే కోళ్ళ వెంట పడ్డారు. మధ్యాహ్నం గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట. తోటలో తమ్ముడు "ఇదంతా దేనికక్కా, ఆ పెరట్లోనే ఉండిపోవాల్సింది" అన్నాడు. నేనేమీ అనలేదు.

రాత్రి కోడళ్ళతో చాలాసేపు మాటలు. ఊరికి రోడ్డు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అవతలి కొండ మీది ఊళ్ళకి ఇప్పటికీ డోలీయే. పురిటి నొప్పులొస్తే బొంగుకి దుప్పటి కట్టి మనుషులు మోసుకుదిగాలి. వ్యూపాయింటుకి తారు పడ్డ చోట ఆ ఊళ్ళకి పడలేదంటే, చోటు ఎంచుకునేది మనమొక్కళ్ళమే కాదని తెలుస్తుంది.

2025 జనవరి 5, ఆదివారం

పద్దు: టెంట్లు, రెండు పూటల భోజనం, కాఫీ, జీపు కలిపి ఎక్కడికెళ్ళినా అయ్యేదాంట్లో మూడో వంతు కూడా కాలేదు. డబ్బు నేరుగా ఆ ఇంటికి. ప్లాస్టిక్ మొత్తం సంచీలో కట్టి వైజాగ్ తెచ్చాం. మరదలు మొదట ముఖం చిట్లించింది, తర్వాత తనే కట్టింది.

ఆఫీసులో ముగ్గురు అడ్రసు అడిగారు. ఇద్దరికి ఫోను నంబరు ఇచ్చాను. మూడోవాడు "అక్కడ డీజే పెట్టుకోవచ్చా మేడమ్?" అన్నాడు, అతనికి వైజాగ్ బీచ్ రోడ్డులో హోటళ్ళ పేర్లు చెప్పాను. నంబరు తీసుకున్నవాళ్ళకి నేను చెప్పింది ఇది. శనివారం వద్దు, సోమవారం వెళ్ళండి. ఎక్కడికెళ్ళినా టెంటు దగ్గర ముందు వ్యూ అడక్కండి. ఈ నేల ఎవరిదో, నీళ్ళెక్కడివో అడగండి. సూటిగా జవాబు రాని చోట అడ్వాన్సు ఇవ్వకండి.